టీ కొట్టు దగ్గర ఆగిపోయిన చుక్క

మేనేజరైన మా మనవడికి,

"లిఫ్టు మెకానిక్కు రెండు గంటలు టీ కొట్టు దగ్గరే కూర్చున్నాడు నానమ్మా, కంపెనీ ఫోనే చూపించింది" అన్నావు నిన్న అన్నం తింటూ. తప్పు. అతనక్కడ ఉన్నది సగం గ్లాసు టీ తాగినంతసేపే. ఎదురు మేడలో ఎవరో చేతికర్రతో లిఫ్టు తలుపు బాదుతుంటే విని పరుగెత్తాడు. తలుపు తెరిచేసరికి రెండు గంటలు పట్టింది; లోపల సిగ్నల్ అందక నీ మ్యాపు మీది చుక్క టీ కొట్టు దగ్గరే ఆగిపోయింది.

బాదింది నేనే. ఒంటరిగా ఎక్కొద్దని నువ్వు చెప్పినా, నాలుగో అంతస్తులో పేకాటకు బయల్దేరి మధ్యలో ఇరుక్కుపోయాను. "నీ మేనేజరు మా మనవడే బాబూ, వాడికి మాత్రం చెప్పకు" అన్నాను.

"చెప్పను మామ్మగారూ, ముందు ఊపిరి పీల్చుకోండి" అన్నాడు.

ఉద్యోగం పోతుందని తెలిసీ అతను మాట తప్పలేదు. నిన్న నీ ఎదుట నాకే నోరు పెగల్లేదు.

ఇవాళ పదింటికి అతన్ని తీసేసే కాగితం మీద సంతకం పెడతానన్నావు. అందుకే ఈ ఉత్తరం నీ బండి తాళాల కింద పెట్టాను. అవి తీయకుండా కదలలేవుగా.

కుట్టించి ఇస్తానని తెచ్చుకున్న అతని పనిముట్ల సంచి నా మంచం కింద ఉంది. అతను నన్ను లిఫ్టులోంచి పైకి లాగుతుంటే దాని పట్టీ పట్టుకుని వేలాడి నేనే తెంపాను. సందు చివర చెప్పులు కుట్టే అతను తొమ్మిదికల్లా వస్తాడు. దగ్గరుండి రెండు వరసలు కుట్టించి, పదిలోపు నువ్వే వెళ్లి అతని చేతికివ్వు.

మీ నానమ్మ