తొమ్మిదణాల పెడలు

నూజివీడు,
శనివారం.

నాన్నగారి పాదాలకు మీ సూర్యం నమస్కరించి రాస్తున్నాను. యానాంలో మీరు, అమ్మ, చెల్లి కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మొన్నటి గాలివానకు రెడ్డిగూడెం మామిడి తోటల్లో కాయ చాలా రాలిపోయి, మా షావుకారు గారు అన్నం కూడా తినలేదు. గదిలో నేనే వండుకుంటున్నాను, అన్నం మాడటం తగ్గింది. చిన్న రసాలు తిన్నన్ని దొరుకుతాయి గాని చేప ముక్కకు మొహం వాచిపోయాను. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపండి. సాయంత్రాలు మాట్లాడే మనిషి లేక ఏమీ తోచదు. అయినా బాగానే ఉన్నాను.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. మీరిచ్చిన ఫ్రెంచి సైకిలుకు కుడి పెడలు విరిగింది. నేను పడలేదు, కోప్పడకండి. తోటలన్నీ తిరిగి కాయ చూసి రావడమే నా పని కదా. సైకిలు బాగుపడకపోతే సోమవారం నుంచి వేరేవాణ్ణి చూసుకుంటానని షావుకారు గారు నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సైకిలు షాపు కోటయ్య దగ్గరకు తీసుకెళ్లాను. "తొమ్మిదణాల పెడలు వేద్దాం అబ్బాయ్" అన్నాడు. ఎంత చవక అనుకుని తొమ్మిదణాలు లెక్కపెట్టి చేతిలో పెట్టాను. షాపులో వాళ్లంతా ఒకటే నవ్వు!

"ధర కాదయ్యా, లావు! అంగుళాన్ని రూపాయి అనుకో. అందులో తొమ్మిదణాలన్నమాట. మీదెంత?"

"పద్నాలుగండీ."

"పద్నాలుగణాలా! అంత లావు పెడలు ఎడ్లబండికి కూడా ఉండదు."

"అణాలు కాదండీ, మిల్లీమీటర్లు."

"అవెక్కడి కొలతలయ్యా బాబూ" అంటూ వాళ్ల ఇంగ్లీషు పెడలు తెచ్చి తిప్పాడు. ఒక చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. వాళ్ల తొమ్మిది మన పద్నాలుగు కన్నా పిసరంత పెద్దదట! తొమ్మిది పద్నాలుగు కన్నా ఎలా పెద్దదవుతుందో ఎంత ఆలోచించినా నాకు బోధపడలేదు. పోనీ కొలతలేవీ కలవవనుకుందామంటే, మన ఏడు వందల టైరూ వాళ్ల ఇరవై ఎనిమిది టైరూ ఒకటేనట. వేసి చూపించాడు, చక్కగా పట్టింది. ఎక్కడో ఉన్న అంకెలు కలుస్తున్నాయి, పక్కపక్కనే ఉన్నవి కలవడం లేదు. నా బుర్ర తిరిగిపోయింది.

మీరు అటక మీద దాచిన పెడళ్లు పంపమని అడుగుదామనుకున్నాను. కాని మన ఫ్రెంచి యానాం పొలిమేరలో సుంకం వాళ్లు విప్పి చూసి పంపేసరికి ఎన్నాళ్లవుతుందో. మన సైకిలుకు పెడలు బిగించే కన్నాన్నే కాస్త పెద్దది చేసి, లోపల వాళ్ల మరలు కోస్తానంటున్నాడు కోటయ్య. "కోశాక మీ ఊరి పెడలు దీనికి జన్మలో నిలవదు. తర్వాత నన్ననకు" అని కూడా చెప్పాడు.

మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడని సైకిలు అది. మిమ్మల్ని అడక్కుండా కోయించడం తప్పా? కోయించకుండా పని పోగొట్టుకోవడం తప్పా? రెండు రోజులుగా ఏదీ తేలడం లేదు. మీ జవాబు దాకా ఆగే వ్యవధి లేదు, రేపు పొద్దున్నే కోయించేస్తున్నాను. క్షమించండి నాన్నగారూ.

ఇంకొకటి. సైకిలు బాగైతే కాయలైపోయాక కూడా ఉండి తోటల పని చూసుకోమన్నారు షావుకారు గారు. సరేనన్నాను. అన్నాక గదికి వచ్చి ఏడ్చాను, ఎందుకో తెలియదు.

పెద్దమ్మకు, తాతయ్యకు నమస్కారాలు, చెల్లికి ఆశీస్సులు. ఆషాఢానికి ఇంటికొచ్చేస్తానని అమ్మకు చెప్పి వచ్చాను. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించేటప్పుడు పెడలు సంగతి దాకా చదివి ఆపేయండి.

మీ దీవెనలు కోరే కొడుకు,
సూర్యం