తవుడు బస్తాలు

శుక్రవారం

పొద్దుటి నుంచి ముసురు. రేపల్లె మిల్లులో లారీకి తవుడు ఎత్తాం. సాయంత్రం తెనాలి షెడ్డుకు వెళ్లేసరికి శామ్యూల్, వీర్రాజు తాము కట్టిన చిన్న విమానం రెక్కలు విప్పి ట్రాక్టరు ట్రక్కులోకి ఎక్కిస్తున్నారు. రేపు బాపట్లలో శామ్యూల్ తమ్ముడి పెళ్లి. సముద్రపు ఇసుక మీద నుంచి ఎగిరి ఊరేగింపు మీద పూలు చల్లాలని శామ్యూల్ పంతం.

బల్ల మీద వాడి నోటుపుస్తకం చూశాను. పోయిన నెల రెక్కల బలం చూడటానికి వాటి మీద ఆరు బస్తాలు వేసింది నేనే. బస్తాకు డెబ్బై ఐదు కిలోలని రాసుకున్నాడు. అది ధాన్యం బస్తా తూకం. ఆ రోజు ధాన్యం దొరక్క నేను వేసినవి తవుడు బస్తాలు. నలభై కిలోలు కూడా ఉండవు. వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

ఉన్నది చెప్పేశాను.

“చుట్టాలందరికీ చెప్పాక ఇప్పుడా ఏడ్చేది? రెక్క విరగలేదుగా!” అన్నాడు శామ్యూల్.

“సగం బరువుకి విరగలేదురా. నువ్వెక్కితే?”

“నేనూ తవుడు బస్తానే అనుకోరా బావా. ఆ పూలగంప ఇటియ్యి.”

వీర్రాజు నవ్వాడు. గంప నేనే అందించాను.

ఏడుంబావుకు ట్రాక్టరు బాపట్ల బయలుదేరింది. వీర్రాజు నడిపాడు. శామ్యూల్ వెనక రెక్క పట్టుకుని కూర్చున్నాడు.