అక్కతో ఒక్క మాటకు అనుమతి

బీమా ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నాపై కేసు వేసిన ఉద్యోగినితో, అనగా మా అక్కతో, మాట్లాడుటకు అనుమతి కోరుట గురించి.

1. నేను లాండ్రీ యజమానిని. మా అక్క గాక ఏడుగురు పనిచేయుచున్నారు. పనివారు కోర్టుకెక్కినచో ఖర్చులూ పరిహారమూ బీమా కంపెనీయే భరించునట్టి పాలసీ తీసుకొంటిని. తీసుకోమన్నదీ మా అక్కే. "రేపెవరైనా కేసేస్తే ఏం చేస్తావురా?" అన్నది.

2. ఇస్త్రీ బల్ల వద్ద పంతొమ్మిదేళ్లుగా ఉన్న సదరు అక్కను, ఎవరిదో పెళ్లి కోటు చేయి కాలిందన్న కోపంలో, బట్టలకు వచ్చిన వారందరి ముందు "రేపట్నుంచి రాకు" అంటిని. ఇస్త్రీపెట్టెలో వేడి తగ్గించే మీట పాడైనదని మెకానిక్ మరునాడే తేల్చెను. అది బాగుచేయించమని ఆవిడ నెల్లాళ్లుగా మొత్తుకొన్నదే. తప్పు నాదే. ఆ మాట చెప్పడానికి నామోషీ అడ్డొచ్చి పది రోజులు తాత్సారం చేసితిని. ఆలోపు ఆవిడ కోర్టుకు పోయినది.

3. అంతట కంపెనీ వకీలు గారు పాలసీలో షరతు చూపిరి. కేసు వేసిన వారితో ఆ విషయం మాట్లాడరాదు, తప్పు ఒప్పుకొనరాదు. ఒప్పుకొన్నచో బీమా చెల్లదు. బీమా లేనిచో లాండ్రీ మూతపడి ఏడు కుటుంబాలు వీధిన పడును.

4. మా అక్క మా మేడ మీదనే కాపురం. మెట్లు ఒక్కటే. ఆవిడ దిగివచ్చునప్పుడల్లా నేను వంగి చెప్పులు వెతుకుచున్నాను. "వదిన కనపడగానే చెప్పులు పోతాయా మీకు? సిగ్గు లేదూ!" అని నా భార్య కడిగేస్తోంది.

5. సోమవారం నేను సంతకం పెట్టవలసిన కాగితంలో "సదరు ఉద్యోగిని చూపు మందగించినది, పని యందు అజాగ్రత్త గలది" అని వకీలు గారు రాసిరి. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లండీ. ఆవిడే నన్ను చంకనేసుకుని పెంచింది. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు. పెట్టకపోతే సహకరించలేదని బీమా రద్దట. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

కావున పాలసీ చెడకుండా, ఆవిడకు ఒక్కసారి క్షమాపణ చెప్పుకొనుటకు సోమవారం లోపల అనుమతి ఇప్పించవలెనని ప్రార్థన. కుదరదంటే ఆ ముక్కయినా త్వరగా చెప్పండి. నాకు అన్నం సహించడం లేదు.

ఒక తమ్ముడి గోడుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లాండ్రీ యజమాని

తా.క.: ఈ నాలుగు ముక్కలే నా చేతిరాత. పైదంతా మా అక్క దస్తూరి. చిన్నప్పటి నుంచీ నా ఉత్తరాలన్నీ ఆవిడే రాస్తుంది. నేను షరతు తప్పలేదండీ. కింది మెట్టు మీద కూర్చుని గోడతో చెప్పుకున్నాను, పైమెట్టు మీద కూర్చుని ఆవిడ రాసుకుంది. రెండో అంశంలో "తప్పు నాదే" అన్న చోట మాత్రం, సరిగా వినపడలేదని నాచేత మూడుసార్లు చెప్పించింది.