అత్త మార్చిన మాట

మాంటాన్ బ్లాంష్, 1913 జూలై

మామయ్యగారికి నమస్కారాలు. క్యూర్‌పైప్ కొండ చలిలో మీ దగ్గు తగ్గిందా?

నిన్న మన భజన మందిరంలో, విశాఖపట్నం నుంచి ఓడలో మన దీవికి వచ్చిన రచయిత తన కథ చదివారు. మీరు పాడితే తిరిగి పాడే భజనల అలవాటు పోతుందా? మనవాళ్లు ఆయన చదివిన ప్రతి వాక్యాన్నీ తిరిగి అన్నారు! ఆయన విసుక్కున్నారు.

"ఊరికే వినండయ్యా!"

అందరూ నోళ్లు మూసుకున్నారు.

తర్వాత నన్ను నా కథ చదవమన్నారు. మొదటి వాక్యం చదివాను. వెనకనుంచి అత్త ఒక్కతే దాన్ని గట్టిగా తిరిగి అంది. ఆయన అటు చూశారు.

"మా గుంటడు రాసింది బాబూ, అనకుండా ఎలాగుంటాం?"

రెండో వాక్యం మందిరమంతా అంది.

ఇవాళ చెరకు తోటలో అత్త నా మొదటి వాక్యమే పాడుకుంటోంది, ఒక మాట మార్చి. మామయ్యా, నా కాగితం మీద కూడా అలాగే దిద్దుకున్నాను.

మీ మేనల్లుడు