నీ ఆకులో లేని మడ పీత

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున ఆఫీసర్లు మన మైపాడు తీరానికి మడ మొక్కలతో వచ్చారు. దేశ వాతావరణ ప్రణాళికలో సముద్రాన్ని కూడా చేర్చారట. మడ అడవి ఉంటేనే చేపలు, పీతలు మిగులుతాయట.

"ఇదివరకు మడ ఎక్కడుండేది?" అని అడిగారు. నువ్వు దాన్ని నరికించి తవ్విన రొయ్యల చెరువులు చూపించాను.

"అది మా పట్టా భూమి. నువ్వు గమ్మునుండు పెద్దనాయనా" అని నీ కొడుకు అడ్డమొచ్చాడు. కాలవ పోరంబోకుకు పట్టా ఎట్లా పుట్టిందో నీకే తెలియాలి.

ఆఫీసర్లు మేం వలలు ఆరేసుకునే ఇసుకలో మొక్కలు నాటి, ఫోటోలు దిగి వెళ్లారు. బురద లేనిదే మడ బతకదు.

మధ్యాహ్నం నీ పటం ముందు ఆకు వేశాం. నీకిష్టమని మడ పీతల కోసం కాలవంతా వెతికాను. ఒక్కటీ లేదు.

నీ చెరువు రొయ్యలే వడ్డించాను. తిను.