నడుస్తుండగానే మార్చే ఫ్యాన్

మడికొండ, వరంగల్

రమాకాంత్ సార్‌కు,

నమస్తే సార్. మీరు పంపిన సర్వర్ డ్రాయింగు మీద నేను సంతకం చేయలేదు. ఎందుకో మీటింగులోనే చెప్పాల్సింది. "ఏందమ్మా, మాట్లాడవేంది? కాన్వెంట్ల మౌనవ్రతం నేర్పిండ్రా?" అని మీరు అడిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ఖర్చు తగ్గుతుందని మీరు సర్వర్‌ను చల్లబరిచే ఫ్యాన్లను మూత కింద స్క్రూలతో బిగించారు. ఒక్క ఫ్యాన్ పాడైనా సర్వర్ మొత్తం ఆపి మూత విప్పాలి. ఇది పోయేది దవాఖానకు. అక్కడి కంప్యూటర్లు చూసుకునే ఫ్రాన్సిస్ అన్న మొన్న నాతో అన్నాడు: "మిషన్ బందైతే ఐసీయూల డాక్టర్లకు రిపోర్టులు కనవడయ్ చెల్లె. జర ఆ ఫికర్ లేకుంట చెయ్యి." చేస్తానని మాట ఇచ్చాను.

నమూనా సర్వర్‌లో ఫ్యాన్లను ముందువైపుకు మార్చాను. ఒకటి ఆగితే దాని పక్కన ఎర్రలైటు వెలుగుతుంది, మిగతావి వేగం పెంచుకుంటాయి. ఆగినదాన్ని చేత్తో లాగేసి, కొత్తది తోస్తే చాలు. సర్వర్ నడుస్తూనే ఉంటుంది. "ఫ్యాన్లు గంత జల్ది ఖరాబు కావు" అంటారు మీరు. అవుతాయి సార్. ఆ రోజున దవాఖాన ఆగకూడదు.

రేపు దవాఖానవాళ్లు చూడడానికి వచ్చినప్పుడు, నడుస్తున్న నమూనాలోంచి ఒక ఫ్యాన్ మీరే లాగండి. సర్వర్ ఆగిపోతే వాళ్ల ముందే మీ డ్రాయింగు మీద సంతకం పెడతాను. ఆగకపోతే మాత్రం నన్ను మాట్లాడమనకండి. ఏ డిజైన్ పంపాలో వాళ్లకు మీరే చెప్పండి.

ఇట్లు,
కిటికీ పక్క సీటు అమ్మాయి