రాయచోటికి పోయి చూసి రా

కర్నూలు, 7-10-2009

దస్తగిరి అన్నకు చెల్లెలు హుసేనమ్మ సలాం. మేం నలుగురం బతికే ఉండాము, దిగులుపడొద్దు.

పోయిన శుక్రవారం మా వీధిలోకి ఏరు వచ్చి పడింది. పక్కింట్లో లక్ష్మీదేవమ్మవ్వ ఒక్కతే ఉంటే, మా ఇంటాయన వీపున మోసుకోని మిద్దెక్కించినాడు. రెండు దినాలు మిద్దెమీదనే ఉంటిమి. ఇప్పుడు అందరమూ ఒక బడిలో ఉండాము. ఇంటినిండా మోకాలిలోతు బురద. కమలాపురంలో వానలు నిలిచినాయా?

అవ్వ ముద్ద ముట్టడంలేదు. ఆ పొద్దున ఆమె కొడుకు ఓబుళేశు రాయచోటి నుంచి ఫోన్ చేసి, "అమ్మా, యాడికీ కదలొద్దు, నేను వస్తాండా" అన్నాడంట. మళ్లా జాడలేదు. "నాకోసం వచ్చి నీళ్లల్లో పోయినాడేమో" అని ఒకటే ఏడుపు. మా ఫోన్లు తడిసి చెడిపోయినాయి, ఆయన నంబరూ పోయింది.

అన్నా, కార్డు అందిన దినమే రాయచోటికి పో. బస్టాండు కాడ ఆయనకు సైకిల్ షాపు ఉండాది. మనిషి ఉంటే వెంటనే పంపించు. లేకుంటే మాత్రం కార్డు రాయొద్దు, నువ్వే రా. ఈడ ఎవరికి జాబు వచ్చినా అవ్వ పక్కన కూచోని చదివించుకుంటాండాది. ఆ మాట నేను చదివి చెప్పలేను.

వదినకు సలాం, పిల్లలకు ముద్దులు.